ఆనందపురం మీదుగా ఇంటికి

విశాఖపట్నం నుంచి విజయనగరానికి బస్సులో గంటన్నర ప్రయాణం. మేము వెళ్ళి రావడానికి మూడు రోజులు పట్టింది. విన్నవాళ్ళందరూ ముందు దారిలో ఏం జరిగిందని అడిగారు. ఏమీ జరగలేదు, సైకిళ్ళ మీద వెళ్ళాం అంటే, ఏం జరిగి సైకిళ్ళ మీద వెళ్ళారని అడిగారు.

దానికి జవాబు ఉంది. నాలుగేళ్ళ కిందట తగరపువలసలో మా చిన్నాన్న కూతురి ఇంటి నుంచి స్కూటర్ మీద వస్తూ ఉంటే, ఆనందపురం కూడలిలో ఒక లారీ నన్ను పక్కకి నెట్టేసింది. ఎడమ తొడ ఎముక విరిగింది. ఇప్పుడు అందులో ఒక ఉక్కు కడ్డీ ఉంది. మా ఆయన ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. ఎక్స్‌రే ఫిల్ము కిటికీకేసి పట్టుకుని చాలాసేపు చూసి, "మా దగ్గరది కాదు, ఇది వేరే గ్రేడు" అన్నారు. ఆ ప్రమాదం గురించి ఆయన నోటి వెంట వచ్చింది అంతే.

నాకైతే ఆ రోజువి రెండే గుర్తున్నాయి. మొహం మీద తడి తువ్వాలు. "కళ్ళు మూసీకమ్మా, కళ్ళు మూసీకు" అని, మూసుకోవద్దంటున్న మగ గొంతు. ఎవరో ఆటోలో తెచ్చి ఆసుపత్రిలో దించి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారట. ఆ మనిషి ఎవరో చూడాలని నాలుగేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. మా ఆయన రెండుసార్లు కారు మాట్లాడారు. రెండుసార్లూ మధురవాడ దాటి హైవే మీద మొదటి లారీ హారన్ వినగానే నేను కళ్ళు గట్టిగా మూసేసుకుని కారు వెనక్కి తిప్పించాను.

కారులో అయితే కళ్ళు మూసుకోవచ్చు. సైకిల్ మీద ఆ సౌకర్యం లేదు.

వారానికొక బస్టాపు

ఈ సైకిల్ మాట మొదట అన్నది నేను కాదు, మా కింది వాటాలో ఉండే మేరీ టీచర్. డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. అరవై దాటాయి. ఎవరు కనిపించినా వీపు నిటారుగా పెట్టమంటారు. కాలు బలపడాలని డాక్టరు చెబితే మేము హాల్లో కదలని సైకిల్ ఒకటి పెట్టుకున్నాం. ఒకరోజు ఆవిడ కరివేపాకు కోసం వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"గోడకేసి చూస్తా ఎన్నాళ్ళు తొక్కుతావు రాధా? ఆ గోడ ఎటూ కదల్దు" అన్నారు.

తర్వాతి నెలలో నేనొక పాత రోడ్డు సైకిల్ కొన్నాను. టైర్లు నా బొటనవేలంత సన్నం. హేండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. సీటు గురించి ఇక్కడ రాయను. పొద్దున్నే బీచ్‌రోడ్డులో బళ్ళు ఆపేసే వేళ మొదలుపెట్టాను. తొక్కుతున్నంతసేపూ పడలేదు. ఆగినప్పుడు పడ్డాను. పడుతూ ఉంటే పక్కన నడిచే ఒకాయన చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి, నేను పూర్తిగా కింద పడేదాకా చూసి, మళ్ళీ పెట్టుకున్నారు.

టీచర్ కూడా తన సైకిల్ మీద నాతో వచ్చేవారు, దూరం పెంచడానికి ఒక పద్ధతి పెట్టారు. కిలోమీటర్లు చూడొద్దు, వారానికొక బస్టాపు చొప్పున పెంచమన్నారు. మొదటివారం అప్పుఘర్. తర్వాత జోడుగుళ్ళపాలెం. తర్వాత సాగర్‌నగర్. రుషికొండ ఎత్తు దగ్గర దిగి సైకిల్ తోసుకుంటూ నడిచాను. సిగ్గుగా ఉందని అంటే, "తోసినా దూరం దూరమే కదా" అన్నారు ఆవిడ. మంగమారిపేట దగ్గర ఒక కుక్క మూలంగా నెలరోజులు అక్కడే ఆగిపోయాను. అది నన్నేమీ చేయలేదు, పక్కన పరిగెత్తేది, అంతే. నెల తర్వాత దానికి విసుగొచ్చింది.

వానలు పోయి చలి తిరిగేసరికి భీమిలి చేరాను. ఆ రోజు అక్కడి బస్టాండు అరుగు మీద కూర్చుని టీచర్ చెప్పారు: "ఇంక బస్టాపులైపోనాయి. ఇంకుంటే ఊళ్ళే." భీమిలి మీదుగా విజయనగరం వెళ్దామని, తిరిగి వచ్చేటప్పుడు ఆనందపురం మీదుగా వద్దామని ఆవిడే అన్నారు. నేను మొదటి సగానికి ఒప్పుకున్నాను. రెండో సగం గురించి ఆవిడ మళ్ళీ అడగలేదు.

భీమిలి

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున బయల్దేరాం. గేటు దగ్గర టీచర్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను సింహాచలం కొండ ఉన్న వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. మా ఆయన అప్పుడే నైట్ షిఫ్టు దిగి వచ్చి, రెండు సైకిళ్ళ బ్రేకులూ నొక్కి చూసి, పడుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

తొట్లకొండ దిగుతూ ఉంటే నా వెనక టైరు పంక్చరైంది. ట్యూబు మార్చడం నేను ఇంట్లో బాగా నేర్చుకున్నాను, చుట్టూ జనం లేనప్పుడు. ఇక్కడ ఐదు నిమిషాల్లో ఒక జట్టు పోగైంది. వాళ్ళలో లుంగీ కట్టుకున్న పెద్దాయన పని చూడలేదు, సైకిల్ చూశారు.

"ఎంతమ్మా ఇది?"

ఇలాంటప్పుడు సగం ధర చెప్పడం నాకు అలవాటు. సగమే చెప్పాను.

"ఓర్నాయనో" అన్నారు ఆయన. "ఆ డబ్బుకి పాత మోటారుసైకిలొచ్చీదే. ఇంజిను నేకుండా అంతిచ్చినావేటి?"

పక్కనున్నాయన నా తరఫున మాట్లాడారు. "ఆళ్ళకి ఇంజిను అక్కర్నేదు బావా. ఆళ్ళకి కష్టమే కావాలి."

భీమిలిలో టీచర్ పినతల్లి కూతురు కరుణమ్మ ఇంట్లో ఆగాం. సముద్రానికి రెండు వీధుల ఇవతల పెంకుటిల్లు. కరుణమ్మ మమ్మల్ని చూసి సంతోషించే ముందు నా కాళ్ళు చూసి, వేణ్ణీళ్ళు పెట్టి, అప్పుడు సంతోషించింది. మధ్యాహ్నం నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు, వంకాయ పులుసు. మా ఇళ్ళల్లో వచ్చినవాళ్ళు తిన్నాక ఇంటావిడ తింటుంది, అప్పటికి వేపుడు ఉండదు. ఇక్కడ ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చున్నారు. అయితే కూర్చోగానే తినకూడదు. కరుణమ్మ భర్త ప్రార్థన చేశారు. అది వర్షాలతో మొదలై, పడవల మీదుగా, ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరి పేర్లూ తాకి, చివరికి మా టైర్ల దాకా వచ్చింది. నెత్తళ్ళు చల్లారాయి. టైర్లకి మాత్రం మళ్ళీ పంక్చర్ పడలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పద్మనాభం దారి

రెండోరోజు తగరపువలస దగ్గర హైవేని అడ్డంగా దాటాలి. దాటితే పద్మనాభం మీదుగా పొలాల మధ్య నుంచి విజయనగరం పోవచ్చు. దాటడమే కదా అనుకున్నాను. రోడ్డు అంచున సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. లారీ వెళ్ళింది. ఇంకొకటి వెళ్ళింది. తర్వాత ఏమీ లేదు, రోడ్డు ఖాళీ. నా కాళ్ళు కదల్లేదు. ఒక మేకల మంద మమ్మల్ని దాటి అవతలికి వెళ్ళిపోయింది. టీచర్ తన సైకిల్ అవతల పెట్టి వచ్చి, నా సైకిల్ తీసుకెళ్ళి అవతల పెట్టి, మళ్ళీ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఒకటో తరగతి పిల్లని దాటించినట్టు దాటించారు. అవతలికి వెళ్ళాక, "రేపు దీని మీదే తొక్కాలి" అని నేనే అన్నాను. "తొక్కుదువులే" అన్నారు.

పద్మనాభం ఇవతల చింతచెట్టు కింద ఒకావిడ చోడంబలి అమ్ముతోంది. రాగులని మేము చోళ్ళు అంటాం. అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, నంచుకోవడానికి ఊరమిరపకాయ. గ్లాసు ఇస్తూ మమ్మల్ని, సైకిళ్ళని, మళ్ళీ మమ్మల్ని చూసింది.

"ఏటమ్మా, మొక్కా?"

"మొక్కేం కాదమ్మా."

"సింహాద్రప్పన్నకా? దారి అటు కదా."

"నాది చర్చి" అన్నారు టీచర్.

"అయితే ఇద్దరిదీ కలిపి ఒకటే మొక్కేటి?"

"మొక్కు కాదు తల్లీ, ఆరోగ్యం కోసం తొక్కుతన్నాం."

ఆవిడ మా మొహాల మీద చెమట, నా కుంటినడక, టీచర్ మోకాలికి కట్టిన పట్టీ వరసగా చూసింది. "అయ్యో, ఆరోగ్యం బాగునేదా?" అని ఇద్దరి గ్లాసుల్లోనూ ఇంకో గరిటెడు పోసింది. దానికి డబ్బు తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఎదురుగాలిలో మేము తలలు దించి తొక్కుతూ ఉంటే, వెనకాల కొబ్బరిబొండాల గెలలు రెండు కట్టిన పాత సైకిల్ మీద ఒకతను మమ్మల్ని దాటాడు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఎవరితోనో పొలం సరిహద్దు తగాదా మాట్లాడుతున్నాడు. దాటుతున్నట్టు అతనికి తెలియలేదు. అదే కాస్త బాధగా అనిపించింది.

విజయనగరం

లాడ్జిలో సైకిళ్ళు కింద పెట్టడానికి చోటు లేదు, గదిలో పెట్టుకోండి అన్నారు. బిల్లులో చూస్తే మనుషులు నలుగురు అని ఉంది. ఇద్దరమే కదా అంటే, కౌంటర్లో ఉన్నతను, "సైకిళ్ళు కూడా రూములోనే ఉంటాయి కదా మేడమ్" అన్నాడు. టీచర్ పంతొమ్మిది రకాల అల్లరి క్లాసులని సముదాయించిన మనిషి. "అలాగే బాబూ, అయితే పొద్దున్న నాలుగు కాఫీలు పంపించు" అన్నారు. అతను ఆలోచించి, బిల్లులో ఇద్దరిని కొట్టేశాడు.

హోటల్లో పూరీకి బొంబాయి చట్నీ, ఇడ్లీకి బెల్లం తగిలిన సాంబారు. వైజాగ్ హోటళ్ళలో ఇప్పుడు సాంబారు ఏ ఊరిదో తెలియకుండా కాస్తున్నారు. ఇక్కడిది మా అమ్మ కాచినట్టే తియ్యగా ఉంది. రెండుసార్లు పోయించుకున్నాను. కానీ మూడో ఇడ్లీ దిగలేదు. రేపటి సంగతి గుర్తొచ్చింది.

మా ఆయనకి ఫోన్ చేశాను.

"రేపు హైవేయా?"

"అవును."

"లారీలుంటాయి."

"అవును."

"బస్సులో వచ్చీమంటే వస్తావా?" అన్నారు. రానన్నాను. "నాకు తెలుసులే. అడిగానని ఉండాలి కదా" అని ఫోన్ పెట్టేశారు.

ఆనందపురం

హైవే ఎక్కిన మొదటి గంటలో నేను చూసింది టీచర్ వెనక చక్రం ఒక్కటే. లారీ వెనక నుంచి వస్తోందని ముందు వీపుకి తెలుస్తుంది, తర్వాత చెవికి. వచ్చిన ప్రతిసారీ చేతులు హేండిలుకి అతుక్కుపోయేవి. అది పక్కనుంచి వెళ్ళేటప్పుడు గాలి ముందు బయటికి తోసి, తర్వాత లోపలికి లాగుతుంది. కళ్ళు మూసుకోవాలని రెప్పలు వాటంతటవే దిగేవి. దిగితే పడతాను. అందుకని తెరిచి ఉంచాను. ఇందులో ధైర్యం ఏమీ లేదు. వేరే దారి లేదు.

తగరపువలస వంతెన దాటాక టీచర్ వేగం తగ్గించారు. ఆ కూడలిని నాలుగేళ్ళుగా రోజూ మనసులో చూస్తున్నాను. డివైడరు చివర విరిగిన రాయి, ఎదురుగా టైర్ల కొట్టు, పక్కన గుంత. ఆ గుంతని చూడగానే ఏం చేయాలో కూడా నిర్ణయించుకున్నాను. సైకిల్ దిగి ఒక నిమిషం నిలబడాలి. తర్వాత ఎక్కాలి.

ఎంత తొక్కినా ఆ కూడలి రాలేదు. ఒక పెద్ద ఫ్లైఓవర్ వచ్చింది. దాని కింద సర్వీసు రోడ్డు, కొత్త డివైడర్లు, వాటిలో పూలమొక్కలు. నేను ఒక టీకొట్టు దగ్గర ఆగి, ఆనందపురం కూడలి ఇంకా ఎంత దూరమని అడిగాను.

"ఇదేనమ్మా" అన్నాడు టీకొట్టు అతను.

"ఇది కాదు. పాతది. టైర్ల కొట్టు ఉండేది."

"అది రోడ్డులో పోనాది. అంతా పోనాది."

నాలుగేళ్ళు నన్ను భయపెట్టిన చోటు లేదు. దాని మీద ఇప్పుడు ఒక కాంక్రీటు స్తంభం ఉంది, లేదా పక్కనెక్కడో ఉంది, చెప్పలేను. ఎక్కడ నిలబడాలో తెలియక టీకొట్టు దగ్గరే నిలబడి టీ తాగాను. టీచర్ నా మొహం చూసి, "మనిషిని వెతుకుదామా?" అన్నారు.

పూల మార్కెట్టు దగ్గర ఆటో స్టాండు ఉంది. నాలుగేళ్ళ కిందట స్కూటర్ని లారీ గుద్దిన ఆడమనిషిని ఎవరు తీసుకెళ్ళారని అడిగాను. వాళ్ళు నవ్వలేదు కానీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇక్కడ నెలకి ఇద్దరు పడీవోరమ్మా అప్పుడు" అన్నాడొకతను. "ఏసుకెల్లీవోడు మాత్రం అప్పలనాయుడే ఎక్కువ. అదిగో."

అప్పలనాయుడు తన ఆటోలోంచి బంతిపూల మూటలు దించుతున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. నేను చెప్పింది అంతా విన్నాడు. ఆకుపచ్చ స్కూటరు, ఎడమ కాలు, తడి తువ్వాలు, కళ్ళు మూసుకోవద్దన్న మాట. తల అడ్డంగా ఊపాడు.

"సానామందిని ఏసుకెల్లినానమ్మా. మొకాలు గుర్తుండవు. మొకాలు సూసీ టైముండదు." మూట కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, హఠాత్తుగా నా వైపు తిరిగాడు. "ఆగాగు. సేపలా?"

"ఏ చేపలు?"

"స్కూటరు ముందర సంచిలో సేపలు. కోనాం ముక్కలు. ఓలమ్మో, నువ్వా!"

నాకేమీ గుర్తులేదు. తగరపువలసలో చిన్నాన్న కూతురు ఇచ్చి ఉండాలి.

"నేను స్పృహలో లేను కదా" అన్నాను.

"స్పృహా? నువ్వా?" అని స్టాండు వైపు తిరిగి, "ఒరే, ఈయమ్మేరా!" అని కేకేశాడు. మళ్ళీ నాతో, "కళ్ళు మూసీకని నానన్న మాట నిజమే. నోరు మూసుకోమని కూడా అన్నాను తల్లీ. అది నీకు గుర్తునేదు. ఆసుపత్రి దాకా ఒకటే గోల. మెల్లగా పోనీ అంటావు. గతుకు సూసుకో అంటావు. నా పెళ్ళాం పేరేటని అడిగినావు. సేపలు పాడైపోతాయి, ఆవిడకిచ్చి బేగి ఉప్పూ పసుపూ రాసీమను అన్నావు. చింతపండు ఎంతెయ్యాలో కూడా సెప్పినావు."

టీచర్ బంతిపూల మూటల వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి.

నేను ఆ రోజు రోడ్డు మీద మూటలా, నోరు లేకుండా పడి ఉన్నానని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాను. నాలో ఒక మనిషి అక్కడే చచ్చిపోయిందని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను. ఆ మనిషి చింతపండు కొలత చెబుతోందట.

"మరి చేపలు ఏం చేశారు?" అన్నాను.

"నువ్వు సెప్పినట్టే. పులుసెట్టింది. ముందు ముద్ద దిగనేదు నాకు. ఈ అమ్మ ఉందో పోయిందో అని. మా ఆవిడే అన్నాది, అంత మాటాడిన మనిసి సచ్చిపోదు, తినీ అని. అప్పుడు తిన్నాను. బాగున్నాది."

పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. పేరు చెబితే సాక్ష్యానికి తిప్పుతారని, పని పోతుందని అన్నాడు. నేను చెప్పాలనుకున్న మాటలు నాలుగేళ్ళుగా తయారుగా ఉన్నాయి. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. అతను కంగారుపడి మెడ మీది తువ్వాలు తీయబోయి, దానికి పూల మట్టి ఉందని చూసుకుని, ఒక బంతిపువ్వు తీసి నా చేతిలో పెట్టాడు. ఆ పువ్వుతో ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. "మీరు లేకపోతే నేను లేను" అని మొత్తానికి అన్నాను. "సర్లే తల్లీ" అన్నాడు. "సైకిళ్ళు ఆటో మీద కట్టీమంటావా? ఇంటికాడ దిగబెట్టేత్తాను."

వద్దన్నాను. తొక్కుకుంటూ వెళ్తానన్నాను. అతను నా కాలు చూశాడు, రోడ్డు చూశాడు, తల ఊపాడు.

ఇంటికి

మేము బయల్దేరిన కాసేపటికి వెనక నుంచి ఆటో చప్పుడు వినిపించింది. అది మమ్మల్ని దాటలేదు. అప్పలనాయుడు ఖాళీ ఆటోని మా వెనక పది గజాల దూరంలో, మా వేగంతోనే నడుపుతున్నాడు. లారీలు అతని వెనక హారన్ కొట్టి, అతన్నీ మమ్మల్నీ కలిపి చుట్టుకుని పోతున్నాయి. ఎక్కువ దూరం వస్తాడనుకోలేదు. బోయపాలెం దాకా వచ్చాడు. పరదేశిపాలెం దాటాడు. కొమ్మాది దగ్గర మా పక్కకి వచ్చి, తల బయటికి పెట్టాడు.

"అమ్మా, ఇంక నువ్వెల్లిపో. నాకు బేరమొచ్చింది."

అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కి కూర్చుంటున్నారు. చెయ్యి ఊపే తీరిక కూడా లేకుండా తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి మేమిద్దరమే. మధురవాడ దాటేసరికి ఎండ ఎక్కింది. ఎండాడ ఎత్తు మొదలైంది. ఆ ఎత్తులో నా ముందు ఒక లారీ ఉంది. ఇనుప కమ్మీల లోడు, వెనక ఎర్ర గుడ్డ వేలాడుతోంది. అది మూలుగుతూ, పొగ వదులుతూ, దాదాపు నడిచినట్టు ఎక్కుతోంది. నేను గేరు తగ్గించి, రోడ్డు అంచు తెల్ల గీత మీద తొక్కుతున్నాను. కాసేపటికి ఎర్ర గుడ్డ నా పక్కకి వచ్చింది. తర్వాత వెనక చక్రాలు. ఒక్కొక్కటీ నా భుజమంత ఎత్తు. వాటిని ఒక్కొక్కటే దాటాను. క్యాబిన్ దగ్గరికి వచ్చేసరికి లోపల క్లీనరు సీటులో ఉన్నతను కిటికీలోంచి నన్ను చూసి, డ్రైవరుకి ఏదో చెప్పాడు. డ్రైవరు వంగి చూశాడు.

నేను వాళ్ళ వైపు చూసి తల ఊపి, లారీని దాటి ముందుకి వెళ్ళిపోయాను. లోడు ఎక్కువగా ఉండబట్టే అది నెమ్మదిగా ఉందని నాకు తెలుసు. దాటడం మాత్రం దాటాను.